మారియో, సోనిక్, మన అమలాపురం క్యాసెట్టు: కన్సోల్ యుద్ధాల్లో ఎవరు గెలిచారు, ఎందుకు గెలిచారు?

ఇవాళ్టి ఎపిసోడ్ కూడా చరిత్ర గురించే. కాకపోతే రాజులూ కోటలూ కాదు, టీవీ కింద దుమ్ము పట్టి కూర్చున్న వీడియో గేమ్ పెట్టెల చరిత్ర.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు తమ్ముళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పీఎస్5 తీసుకోవాలా, ఎక్స్‌బాక్స్ తీసుకోవాలా? దేంట్లో పవర్ ఎక్కువ?" మొదటి ప్రశ్న మంచిదే. తిరకాసంతా రెండో దాంట్లో ఉంది. ఎందుకంటే నలభై ఏళ్ళ కన్సోల్ చరిత్ర తిరగేస్తే, పవర్ ఎక్కువున్న పెట్టె గెలిచిన సందర్భాలు చాలా తక్కువ. యాభై వేలంటే మన వైపు ఇళ్ళల్లో చిన్న మాట కాదు. చాలా ఇళ్ళల్లో అది కువైట్‌లోనో దుబాయ్‌లోనో అమ్మో నాన్నో కష్టపడి పంపిన డబ్బు. కాబట్టి ఆ డబ్బు పెట్టే ముందు, గతంలో ఎవరు దేన్ని నమ్మి నెగ్గారో, ఎవరు దేన్ని నమ్మి మునిగారో తెలుసుకుందాం.

మన ఇళ్ళల్లోకి ముందొచ్చింది ఏంటి?

90ల్లో, 2000ల్లో పెరిగినవాళ్ళకి "కన్సోల్" అనే మాటే తెలీదు. "వీడియో గేమ్" అనేవాళ్ళం. లోపల పెట్టేదాన్ని "క్యాసెట్" అనేవాళ్ళం, చేతిలో పట్టుకునేది "రిమోట్". మారియో, కాంట్రా, ట్యాంకుల ఆట, బాతుల్ని కాల్చే ఆట. సంక్రాంతి సెలవులకి ఏ ఇంట్లో వీడియో గేమ్ ఉంటే వీధి పిల్లలంతా ఆ ఇంట్లోనే. పెద్దవాళ్ళకి సీరియల్ టైమ్ అయ్యేదాకా టీవీ మాది.

ఆ పెట్టె పుట్టుక ఎక్కడంటే, జపాన్. 1983 జులై 15న నింటెండో కంపెనీ ఫ్యామికామ్ అనే మెషీన్ విడుదల చేసింది. 1985లో అదే మెషీన్ డబ్బా మార్చుకుని ఎన్ఈఎస్ పేరుతో అమెరికా వెళ్ళింది. లోపల 8-బిట్ ప్రాసెసర్, వేగం 1.79 మెగాహెర్ట్జ్, మెయిన్ మెమరీ 2 కేబీ. ఆయ్, మీరు సరిగ్గానే విన్నారు, 2 కేబీ. సూపర్ మారియో బ్రదర్స్ ఆట మొత్తం సైజు 40 కేబీ. పొద్దున్నే మీ ఫ్యామిలీ గ్రూపులో పడే గుడ్ మార్నింగ్ ఫోటో అంతకంటే పెద్దది. నేను కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా పనిచేశాను. ఒక బటన్ రంగు మార్చడానికే అంతకంటే ఎక్కువ కోడ్ వాడిన రోజులు చూశాను. అందుకే ఆ 40 కేబీ తల్చుకుంటే ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

మరి మన టీవీ కింద ఉన్నది నింటెండోయేనా? చాలా ఇళ్ళల్లో కాదు. అది కాపీ. అమెరికా ఎన్ఈఎస్‌లో నింటెండో ఒక తాళం చిప్పు పెట్టింది. కంపెనీ అనుమతి లేని క్యాసెట్ పెడితే ఆట మొదలవదు. కానీ అంతకుముందొచ్చిన జపాన్ ఫ్యామికామ్‌లో ఆ తాళం లేదు. తైవాన్ కంపెనీలు దాని చిప్పుల్నే నకలు చేశాయి. తర్వాత మొత్తం కన్సోల్‌ని ఒకే చిప్పులోకి కుదించేశాయి. పాడైన వీడియో గేమ్ విప్పి చూసినవాళ్ళకి గుర్తుంటుంది, బోర్డు మధ్యలో నల్లటి తారు బొట్టులాంటిది ఒకటి. ఆ బొట్టు కిందే నింటెండో మెదడు నకలు ఉండేది. డబ్బా మాత్రం ఏ కంపెనీదైనా కావచ్చు. ప్లేస్టేషన్‌లా కనిపించే డబ్బాలో "పాలీస్టేషన్" అని పేరు పెట్టి, లోపల అదే పాత 8-బిట్ చిప్పు అమ్మినవాళ్ళున్నారు. హార్డ్‌వేర్ పేరు చూసి కొంటే ఏమవుతుందో మొదటి పాఠం మనకి అక్కడే దొరికింది.

ఇంకో సంగతి. జపాన్, అమెరికా టీవీల్లో సెకనుకి 60 సార్లు బొమ్మ మారుతుంది. మన టీవీలు పాల్ పద్ధతి, సెకనుకి 50 సార్లు. ఆ రోజుల్లో ఆటల వేగం టీవీ బొమ్మతోనే కట్టి ఉండేది. కాబట్టి జపాన్ పిల్లాడి మారియో ఒక సెకనులో వెళ్ళే దూరం మన మారియోకి 1.2 సెకన్లు పట్టేది. పాట కూడా అంతే నెమ్మది. మనం చిన్నప్పుడు విన్న మారియో ట్యూన్ అసలు ట్యూన్ కంటే ఆరో వంతు నిదానం. యూట్యూబ్‌లో ఒరిజినల్ వింటే ఏదో తొందరగా ఉన్నట్టు అనిపించడానికి కారణం ఇదే.

క్యాసెట్ పనిచేయకపోతే ఊదేవాళ్ళం కదా? నిజానికి ఊదడం వల్ల ఏం జరగదు. తీసి మళ్ళీ పెట్టడం వల్ల పిన్నులు ఇంకో చోట తగులుతాయి, అంతే. పైగా నోటి తడి వల్ల పిన్నులు చిలుం పడతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఉప్పుగాలికి ఇనప గేట్లే ఆగవు, ఇక క్యాసెట్ పిన్నులెంత? పెన్సిల్ రబ్బరుతో రుద్దడమే సరైన మందు.

మరి అసలు కంపెనీలు రాలేదా?

వచ్చాయి. నింటెండో మెషీన్ 80ల చివర్లో మన దేశంలో "సమురాయ్" అనే పేరు మీద అధికారికంగానే అమ్ముడైంది. దాని పోటీదారు సెగా. ఆ కంపెనీ 1995 ఏప్రిల్‌లో షా వాలెస్‌తో ఒప్పందం చేసుకుని మెగా డ్రైవ్‌ని ఇక్కడ అమ్మింది. దిగుమతి సుంకం 80 శాతం ఉండటంతో, దాన్ని తప్పించుకోవడానికి ఆ దారి. అయినా ధర ఎంతో తెలుసా? 18,000 రూపాయలు. ఆ ఏడాది బంగారం ధరతో చూస్తే నాలుగు కాసులకి పైనే వచ్చేది. కోనసీమలో ఏ తల్లి నాలుగు కాసులు వదిలి సోనిక్ కొంటుంది చెప్పండి?

అందుకే కాపీ గెలిచింది. నేను దొంగతనాన్ని సమర్థించట్లేదు. ఆ ఆటలు రాసినవాళ్ళకి మన దగ్గర్నుంచి పైసా వెళ్ళలేదు, అది నిజం. కానీ ఒక తరం మొత్తం కాపీలతో ఎందుకు పెరిగిందంటే, అసలుది మన రేవు దాకా రానేలేదు. అక్కడ "ఏది మంచిది" అనే ప్రశ్నే లేదు, "ఏది దొరుకుతుంది" అన్నదే ప్రశ్న.

సెగా వర్సెస్ నింటెండో: అంకెల మీద మొదటి యుద్ధం

ప్రపంచంలో మాత్రం అసలు యుద్ధం నడుస్తోంది. సెగా మెగా డ్రైవ్ 1988లో జపాన్‌లో వచ్చింది. 16-బిట్, దాదాపు 7.6 మెగాహెర్ట్జ్. నింటెండో జవాబు సూపర్ ఫ్యామికామ్, 1990లో. దాని ప్రాసెసర్ 3.58 మెగాహెర్ట్జే. సెగా ఊరుకుంటుందా? మాది వేగం, వాళ్ళది నత్తనడక అని ప్రకటనలు గుప్పించింది. కానీ రంగుల దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. సెగా ఒకేసారి చూపగలిగేది 64 రంగుల లోపు. నింటెండో 256 దాకా చూపించేది. అంటే ఒకటి పరుగులో మేటి, ఇంకోటి బొమ్మలో మేటి.

సెగాని అమెరికాలో నిలబెట్టింది మెగాహెర్ట్జ్ కాదు, 1991లో వచ్చిన సోనిక్. ఇంకోటి కూడా ఉంది. ఎన్ఈఎస్ రోజుల్లో నింటెండో గేమ్ కంపెనీలకి కఠినమైన షరతులు పెట్టింది. ఏడాదికి ఐదు ఆటలకి మించి తేకూడదు, మా దగ్గర తెచ్చిన ఆట రెండేళ్ళ దాకా ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఆ విసుగులో ఉన్న కంపెనీలకి సెగా రెండో తలుపైంది. అయినా చివరికి సూపర్ నింటెండో 4.9 కోట్లు అమ్ముడై ముందు నిలిచింది. ప్రాసెసర్ వేగంలో వెనకున్నదే గెలిచింది.

ప్లేస్టేషన్ ఎలా పుట్టిందో తెలుసా?

సినిమా కథలా ఉంటుంది. నింటెండోకి సీడీ డ్రైవ్ చేసిపెట్టడానికి సోనీ ఒప్పుకుంది. 1991 జూన్‌లో షికాగో ప్రదర్శనలో సోనీ ఆ మెషీన్‌ని ప్రకటించింది. మర్నాడే నింటెండో వేదికెక్కి, మేము ఫిలిప్స్‌తో చేస్తున్నాం అంది. పెళ్ళి పీటల మీద వరుడు లేచి వెళ్ళినట్టయింది. ఆ అవమానంలోంచి సోనీ సొంత మెషీన్ మొదలెట్టింది. 1994 డిసెంబర్ 3న జపాన్‌లో ప్లేస్టేషన్ విడుదలైంది.

దానికి పదకొండు రోజుల ముందే సెగా శాటర్న్ వచ్చింది. కాగితం మీద శాటర్న్ భయంకరంగా ఉంటుంది. రెండు ప్రాసెసర్లు, అవి కాక గ్రాఫిక్స్‌కి విడిగా ఇంకో రెండు చిప్పులు. ప్లేస్టేషన్‌లో ఒకే మెయిన్ ప్రాసెసర్, 33.8 మెగాహెర్ట్జ్. మరి శాటర్న్ ఎందుకు ఓడింది? ఇక్కడ నా పాత ఉద్యోగం నాకు పనికొస్తుంది. రెండు ప్రాసెసర్లకి పని పంచడం ఇద్దరు వంటవాళ్ళకి ఒకే పొయ్యి ఇవ్వడం లాంటిది. ఒకరు గరిటె తిప్పుతుంటే ఇంకొకరు ఆగాలి. శాటర్న్‌లో రెండు ప్రాసెసర్లూ ఒకే మెమరీ దారిలో నడవాలి. దాన్ని పూర్తిగా వాడుకోవడం కొద్దిమందికే చేతనైంది. ప్లేస్టేషన్ సూటిగా ఉండేది, సోనీ ఇచ్చిన టూల్స్ కూడా తేలిక. డెవలపర్లు ఎటు వెళ్తారు? తేలికైన వైపే.

దానికి తోడు ధర. 1995 మేలో అమెరికాలో సెగా ముందస్తు హెచ్చరిక లేకుండా శాటర్న్‌ని 399 డాలర్లకి దుకాణాల్లో పెట్టేసింది. అదే ప్రదర్శనలో సోనీ మనిషి వేదికెక్కి "299" అనే ఒక్క అంకె చెప్పి దిగిపోయాడు. హాలంతా చప్పట్లు.

1996లో నింటెండో 64 వచ్చింది. 64-బిట్, దాదాపు 94 మెగాహెర్ట్జ్, అంకెల్లో ప్లేస్టేషన్‌కి అన్న. కానీ నింటెండో క్యాసెట్‌నే పట్టుకుంది. క్యాసెట్ గరిష్ఠం 64 ఎంబీ, సీడీ దాదాపు 650 ఎంబీ. పైగా సీడీ తయారీ చాలా చవక. అప్పటిదాకా నింటెండోతోనే ఉన్న ఫైనల్ ఫాంటసీ సిరీస్ ఏడో భాగానికి ప్లేస్టేషన్‌కి వెళ్ళిపోయింది, 1997లో, మూడు సీడీలతో. ఫలితం చూడండి: ప్లేస్టేషన్ 10 కోట్ల పైచిలుకు, నింటెండో 64 దాదాపు 3.3 కోట్లు, శాటర్న్ కోటి కూడా దాటలేదు.

కాబట్టి హార్డ్‌వేర్ ముఖ్యం కాదని నేననట్లేదు. ముఖ్యమే. కానీ పనికొచ్చింది వేగం అంకె కాదు. రాసేవాడికి ఎంత సులువు, ఆట ఎంతలో పడుతుంది, ఎంత పెద్ద ఆట పడుతుంది, ఇవీ పనికొచ్చిన సంగతులు.

గల్ఫ్ పెట్టె, అమెరికా పెట్టె

ఇప్పుడు మళ్ళీ మన కోనసీమకి వద్దాం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఎన్నో ఇళ్ళల్లో ఒకరైనా గల్ఫ్‌లో ఉంటారు. ఇంకొన్ని ఇళ్ళ పిల్లలు అమెరికాలో. సెలవుకొచ్చినప్పుడు పెద్ద పెట్టెలో చాక్లెట్లు, సెంట్లు, దుప్పట్లతో పాటు ఒక్కోసారి కన్సోల్ కూడా దిగేది. షోరూమ్ కంటే ముందు మనకి కన్సోల్ చేర్చింది ఆ పెట్టెలే.

ఇక్కడే అసలైన హార్డ్‌వేర్ తేడా తెలిసేది. కువైట్, దుబాయ్‌ల్లో కరెంటు మనలాగే 220 నుంచి 240 వోల్టులు, టీవీ పద్ధతి కూడా మనలాగే పాల్. తెచ్చి ప్లగ్గులో పెడితే ఆడేస్తుంది. అమెరికాలో 120 వోల్టులు, టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. అమెరికా పీఎస్2ని ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన గోడకి తగిలిస్తే ఠప్‌మని పేలి పొగ. అది దాటినా పాత టీవీలో బొమ్మ నలుపు తెలుపుల్లో రావచ్చు. అదీ దాటినా అక్కడి కన్సోల్‌కి ఇక్కడి డిస్క్ పట్టదు, రీజియన్ తాళం. మెగాహెర్ట్జ్ ఒక్కటే అయినా ఒక పెట్టె ఆడింది, ఇంకోటి అటకెక్కింది.

పీఎస్2 సంగతే తీసుకోండి. 2000 మార్చిలో జపాన్‌లో వచ్చింది. ప్రాసెసర్ దాదాపు 295 మెగాహెర్ట్జ్. పోటీగా వచ్చిన నింటెండో గేమ్‌క్యూబ్ 485, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 733. ముగ్గురిలో చిన్నది పీఎస్2. అమ్మకాల్లో? 15.5 కోట్లకి పైగా, చరిత్రలోనే అగ్రస్థానం. మొదటి ఎక్స్‌బాక్స్ దాదాపు 2.4 కోట్ల దగ్గర ఆగింది. ఎందుకు? పీఎస్2లో పాత ప్లేస్టేషన్ ఆటలు కూడా ఆడేవి. డీవీడీ సినిమాలు ఆడేవి. ఇంట్లో పెద్దవాళ్ళకి "సినిమా మెషీన్" అని చెప్పి కొనిపించుకోవచ్చు. ఇంకొంచెం పెద్ద ఊళ్ళలో గంటకింత అని పీఎస్2 ఆడించే షాపులు వెలిశాయి. అక్కడ చాలావరకు చిప్పు వేసిన మెషీన్లు, కాపీ డిస్కులు. కథ మళ్ళీ మొదటికే వచ్చింది.

మన వాళ్ళకి ముఖ్యమైన ఇంకో ఆట ఉంది: ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07. 2006లో వచ్చింది, పీసీకి, పీఎస్2కి మాత్రమే. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఎక్స్‌బాక్స్ 360 అధికారికంగా ఇండియాకి వచ్చింది, 19,990 నుంచి. క్రికెట్ లేకుండా ఇక్కడ బండి నడవదని మైక్రోసాఫ్ట్‌కీ తెలుసు. అందుకే బ్రయాన్ లారా పేరుతో ఉన్న క్రికెట్ గేమ్ మన దేశంలో యువరాజ్ సింగ్ పేరుతో వచ్చింది.

2009లో మనకి గర్వంగా చెప్పుకునే ముచ్చట ఒకటి జరిగింది. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ "హనుమాన్: బాయ్ వారియర్" అనే ఆటని పీఎస్2కి తయారుచేసింది. పూర్తిగా మన దేశంలో తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా దానికి పేరు. అదే కాలంలో హైదరాబాద్ సంస్థ గేమ్‌శాస్త్ర "దేశీ అడ్డా" చేసింది, అందులో కబడ్డీ, గాలిపటాలు, మన బిళ్ళంగోడు లాంటి గిల్లీ దండా. అప్పటికే పీఎస్3 వచ్చి రెండేళ్ళయింది. మరి పాత పీఎస్2కే ఎందుకు? మన ఇళ్ళల్లో ఉన్నది పీఎస్2యే కాబట్టి. ఆట రాసేవాడు పవర్ ఉన్న చోటికి కాదు, జనం ఉన్న చోటికి వెళ్తాడు.

పీఎస్3 పాఠం

2007 ఏప్రిల్‌లో పీఎస్3 ఇండియాకి వచ్చింది, 39,990 రూపాయలకి. లోపల సెల్ ప్రాసెసర్. లెక్కల్లో రాక్షసి, కోడ్ రాయడంలో నరకం. శాటర్న్ చేసిన తప్పే సోనీ కూడా చేసింది. ఏడాది ముందొచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో రాయడం తేలిక, కానీ అది వేడెక్కి ఎర్ర లైట్లు వెలిగి చచ్చిపోయేది. 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్ళకి పెంచి, దానికోసం వంద కోట్ల డాలర్లకి పైనే పక్కన పెట్టింది. వీళ్ళిద్దరూ కొట్టుకుంటుంటే, ఇద్దరికంటే బలహీనమైన నింటెండో వీ 10 కోట్లు దాటేసింది. పిల్లి పిల్లి కొట్టుకుని రొట్టె కోతికి అప్పజెప్పినట్టు.

ఇప్పటి పరిస్థితి

2020 నవంబర్‌లో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, 2021 ఫిబ్రవరి 2న పీఎస్5 మన దేశంలోకి వచ్చాయి, రెండూ 49,990కే. గ్రాఫిక్స్ అంకె ఎక్స్‌బాక్స్‌ది 12 టెరాఫ్లాప్స్, పీఎస్5ది 10.28. పీఎస్5 డిస్క్ వేగం మాత్రం రెట్టింపు పైనే. ఫలితం ఊహించారా? ముందున్నది మళ్ళీ తక్కువ టెరాఫ్లాప్స్ ఉన్నదే. మైక్రోసాఫ్ట్ అయితే 2015 తర్వాత కన్సోల్ అమ్మకాల సంఖ్య చెప్పడమే మానేసింది.

2023 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో మన హైదరాబాద్ మనిషి సత్య నాదెళ్ళ సాక్ష్యం చెప్పారు. యాక్టివిజన్ కొనుగోలు కేసు అది. కొన్ని ఆటల్ని ఒకే కన్సోల్‌కి కట్టేయడం తన చేతిలో ఉంటే తీసేసేవాణ్ణని, కానీ మార్కెట్‌లో ముందున్నవాళ్ళు పోటీని అలా నిర్ణయించారని ఆయన మాట సారాంశం. ఓడుతున్నవాడి మాట అని కొట్టిపారేయొచ్చు. కానీ 2025లో ఎక్స్‌బాక్స్ గర్వంగా చెప్పుకున్న ఫోర్జా హొరైజన్ 5 పీఎస్5 మీద కూడా వచ్చేసింది. మారియోని నింటెండో కాని మెషీన్‌లో ఊహించగలమా? గోడలు కూలుతున్నది ఒక పక్కనే.

మరి ఏది కొనాలి?

నా జవాబు ఇది. టెరాఫ్లాప్స్ కాగితం పక్కన పెట్టి, మరో కాగితం తీసుకోండి. రాబోయే రెండేళ్ళలో మీరు నిజంగా ఆడబోయే ఐదు ఆటల పేర్లు రాయండి. అవి ఏ పెట్టెలో ఆడతాయో చూడండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

తర్వాత మీ స్నేహితుల దగ్గర ఏముందో చూడండి. డిస్కులు మార్చుకోవచ్చు, కలిసి ఆడొచ్చు. పాడైతే కాకినాడ, రాజమండ్రిల్లో బాగుచేసేవాళ్ళు దేనికి దొరుకుతారో ముందే కనుక్కోండి. గల్ఫ్ నుంచో అమెరికా నుంచో తెప్పిస్తుంటే వోల్టేజీ, వారంటీ అడగండి. వారంటీ మన దేశంలో చెల్లకపోతే మిగిల్చిన డబ్బు ఒక్క రిపేరుకే పోతుంది.

చివరిది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: డిస్క్ పట్టే మోడలా, డిజిటల్ మోడలా? డిజిటల్ కొంత తక్కువ పడుతుంది. కానీ అందులో ఆటని మీరు అమ్మలేరు, పక్కింటి తమ్ముడికి ఇవ్వలేరు. కంపెనీ దుకాణం మూస్తే కొత్తగా కొనడం కూడా కుదరదు. నింటెండో 3డీఎస్, వీ యూ దుకాణాలు 2023 మార్చిలో మూతపడ్డాయి. ఎక్స్‌బాక్స్ 360 దుకాణం 2024 జులైలో మూతపడింది. కొన్ని ఆటలు డిస్క్ మీద ఎప్పుడూ రాలేదు, అవి ఇక కొనుక్కునే దారే లేదు. మన పసుపు రంగు కాపీ క్యాసెట్ మాత్రం రబ్బరుతో రుద్దితే ఇవాళ్టికీ ఆడుతుంది. విచిత్రంగా లేదూ?

అందుకే ఒక్క మాట. మీ ఇంటి అటక మీద పాత వీడియో గేమ్ ఉంటే పాత సామాన్లవాడికి వేసేయకండి. మన వైపు పిల్లలు ఏం ఆడారో, ఎలా ఆడారో తెలుగులో ఎవరూ పెద్దగా రాసి పెట్టలేదు. ఆ డబ్బా, ఆ క్యాసెట్ మీద బొమ్మ, వెనకున్న అడాప్టర్, అవే మన రికార్డులు. ఒక ఫోటో తీసి, ఏ సంవత్సరం కొన్నారో, ఎంతకి కొన్నారో, ఎవరు తెచ్చారో అమ్మానాన్నల్ని అడిగి రాసి పెట్టుకోండి.